ధర చెప్పడం నేర్చుకోవడానికి ఏడాది పట్టింది: ఇంట్లోంచి పొడుల వ్యాపారం, నా అనుభవం

మాది తెనాలి. పదకొండేళ్లు ఒక ప్రైవేటు స్కూల్లో చిన్న తరగతులకు పాఠాలు చెప్పాను. 2024 జూన్‌లో అత్తయ్యకు మోకాలి ఆపరేషన్ అయ్యాక ఉద్యోగం మానేయాల్సి వచ్చింది. చివరి జీతం 12,000. అది ఆగిపోయాక ఇంట్లో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. కానీ పిల్లల ఫీజు కట్టాల్సిన రోజున మావారు ఫోన్లో బ్యాలెన్స్ చూసుకుని, ఏమీ మాట్లాడకుండా జేబులో పెట్టుకుంటుంటే నాకు ముద్ద దిగేది కాదు.

2025 జనవరి 19న, సంక్రాంతికి వచ్చిన మా పిన్ని కూతురు హైదరాబాదు తిరిగి వెళ్తుంటే అత్తయ్య చేసిన కందిపొడి, నల్లకారం చెరో అరకిలో కట్టిచ్చాం. వారం తిరక్కుండానే ఫోన్ చేసింది. "అక్కా, మా అపార్ట్‌మెంట్‌లో అడుగుతున్నారు, డబ్బులిస్తారట, కిలో ఎంతకిస్తావు?" అంది. "డబ్బులేంటే, పంపిస్తాలే" అన్నాను. రెండు కిలోలు ఊరికే పంపించాను. కొరియర్ 180 కూడా నేనే కట్టాను. అన్నీ కలిపి నాకు 500 పడింది. తిన్నవాళ్లు బాగుందన్నారని పొంగిపోయాను. డబ్బులిస్తామన్నవాళ్ల దగ్గర ఎందుకు తీసుకోలేకపోయానో ఆ రోజు నాకు అర్థం కాలేదు. ఈ ఏడాదంతా నేను పడ్డ ఇబ్బందుల్లో సగం అక్కడి నుంచే మొదలయ్యాయని ఇప్పుడు తెలుస్తోంది.

వ్యాపారం చేద్దామని మనసులో పడగానే మొదట చేసిన పని కోర్సు కొనడం. ఫిబ్రవరి మొదటి వారంలో ఫోన్ తెరిస్తే చాలు, ఇంట్లో కూర్చుని నెలకు లక్ష సంపాదించండి అనే ప్రకటనలే. 99 రూపాయల క్లాసు అన్నారు, చేరాను. రాత్రి 8కి మొదలైన క్లాసు 11 దాకా సాగింది. చివరి అరగంటలో, ఈ రాత్రి దాటితే ధర పెరుగుతుందంటూ 4,999 కట్టమన్నారు. గడియారం వెనక్కి తిరుగుతున్న బొమ్మ ఒకటి తెరమీద పెట్టారు. ఆ టెన్షన్‌లో కట్టేశాను. రికార్డు చేసిన వీడియోలు 42 ఇచ్చారు. వెబ్‌సైటు కట్టడం, ఈమెయిల్ లిస్టు పెంచడం, అన్నీ అవే. నా దగ్గర కందిపొడి కొనేవాళ్లు ఈమెయిల్ చూసే మనుషులు కారు, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టే మనుషులు. మూడో రోజున డబ్బు వెనక్కి ఇవ్వమని అడిగితే, షరతుల్లో చివరి వాక్యం చూపించి కుదరదన్నారు. ఈ సంగతి మావారికి పది రోజులు చెప్పలేదు. చెప్పిన రోజు ఆయన కోప్పడలేదు. "ముందు సరుకు సంగతి చూడు, అది నీ చేతిలో ఉంది" అన్నారు.

సరుకు సంగతంటే ముందు ఫుడ్ లైసెన్సు. మా వీధిలో ఒకాయన 2,500 ఇస్తే చేయించి పెడతానన్నాడు. కోర్సు దెబ్బ పచ్చిగా ఉంది కాబట్టి నేనే కూర్చున్నాను. 2025లో నేను పెట్టినప్పుడు, ఏడాది అమ్మకం 12 లక్షల లోపు ఉండే మనలాంటి వాళ్లకు లైసెన్సు అక్కర్లేకపోయింది, ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ సరిపోయింది. ఫాస్కాస్ అనే వాళ్ల వెబ్‌సైటులోనే దరఖాస్తు పెట్టాలి. అప్పుడు ఫీజు ఏడాదికి 100. అయిదేళ్లకు ఒకేసారి 500 కట్టాను. ఫిబ్రవరి 13న ఫొటో, ఆధార్, కరెంటు బిల్లు పెట్టి పంపాను. ఆరు రోజులకు ఒక ప్రశ్న వచ్చింది. ఇల్లు, కరెంటు మీటరు అత్తయ్య పేరు మీద ఉన్నాయి, ఆవిడ సమ్మతి ఏదీ అని. తెల్ల కాగితం మీద రాసి ఆవిడ చేత సంతకం పెట్టించి ఎక్కించాను. ఫిబ్రవరి 28న 14 అంకెల నంబరు వచ్చింది. ఎవరూ ఇంటికి వచ్చి చూడలేదు. నేనేమో వస్తారని వంటగదికి సున్నం కూడా వేయించాను.

చిన్న వ్యాపారాలను ప్రభుత్వం దగ్గర నమోదు చేసే ఉద్యం రిజిస్ట్రేషన్ మాత్రం పావుగంట పని, ఆధార్, పాన్ ఉంటే చాలు, ఒక్క రూపాయి కూడా అడగరు. అయితే అది వచ్చిన మర్నాటి నుంచి ఫోన్లు మొదలవుతాయి, లోన్ ఇప్పిస్తాం, సర్టిఫికెట్ అప్‌డేట్ చేయాలి, ఇంత కట్టండి అంటూ. వారం రోజులు మోగుతూనే ఉంది. ఎవరికీ ఏమీ కట్టలేదు, ఏమీ కాలేదు.

స్టిక్కర్ల దగ్గర మాత్రం గట్టి దెబ్బ తగిలింది. పేరు, ఒక రోలు బొమ్మ, నా సెల్ నంబరు పెట్టి మార్చి మొదటి వారంలో వెయ్యి స్టిక్కర్లు కొట్టించాను, 2,600. ప్యాకెట్ల వ్యాపారం చేసే మా స్నేహితురాలి అన్నయ్య ఒకటి చేతిలోకి తీసుకుని "ఇందులో సగం లేవమ్మా" అన్నారు. ఏమేం వేశారో వాటి బరువు ఎక్కువ నుంచి తక్కువకు వరసగా, నికర బరువు, తయారైన తేదీ, ఎప్పటిలోగా వాడాలి, బ్యాచ్ నంబరు, పూర్తి చిరునామా, అన్ని పన్నులూ కలిపిన గరిష్ఠ ధర, శాకాహారమని చెప్పే ఆకుపచ్చ గుర్తు, పోషక విలువలు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, అన్నీ ఉండాలట. ప్యాక్ చేసి అమ్ముతున్నాం కాబట్టి తూనికలు కొలతల శాఖలో కూడా నమోదు చేసుకోవాలి, దానికి 500. ఇంట్లో కూరగాయలు తూచుకునే చిన్న కాటా పనికిరాదు, ఆ శాఖ ముద్ర ఉన్న కాటాయే వాడాలి. అది 5,200 పడింది. ఇన్ని నియమాలు మనలాంటి చిన్నవాళ్లకు ఎందుకని ఆ రోజు చాలా కోపం వచ్చింది. బ్యాచ్ నంబరు మీద ఇంకా ఎక్కువ కోపం వచ్చింది. రోజుకు ఒక బాణలి వేయించేదానికి బ్యాచ్ ఏమిటి అనుకున్నాను. జూలైలో అదే నన్ను కాపాడింది, ఆ సంగతి కిందకి వచ్చాక చెబుతాను.

సొంత నంబరు స్టిక్కరు మీద వేయకండి. రాత్రి పదకొండింటికి "నల్లకారం ఉందా?" అని ఫోన్లు వస్తాయి. నేను ఆ స్టిక్కర్లు పక్కన పడేసి, వేరే సిమ్ కొని, వాట్సాప్ బిజినెస్ దాని మీద పెట్టుకున్నాను. అందులో కేటలాగ్ అని ఉంటుంది, పొడి ఫొటో, ధర, బరువు పెట్టుకోవచ్చు. రాత్రి 8 తర్వాత దానంతట అదే జవాబు వెళ్లేలా పెట్టుకోవచ్చు. నాకు నిద్ర తిరిగి వచ్చింది దానివల్లే.

మార్చి 17, సోమవారం. పొద్దున ఆరున్నరకు స్టేటస్ పెట్టాను. నాలుగు పొడుల ఫొటో, కింద ధర. ఆ ధర టైపు చేయడానికి పావుగంట పట్టింది. 110 అని కొట్టి, చెరిపి, 100 అని కొట్టి, మళ్లీ 110 పెట్టి, పక్కన "కొరియర్ ఫ్రీ" అని చేర్చాను. ఎవరైనా ఎక్కువంటారేమోనని నాకు నేనే ముందుగా తగ్గించుకున్నట్టు. ఏడున్నరకు గుంటూరు నుంచి మా మేనత్త ఫోన్. "ఏమ్మా, ఇంట్లో ఏమన్నా ఇబ్బందిగా ఉందా? అబ్బాయి ఉద్యోగం బాగానే ఉందా?" అని మెల్లిగా అడిగింది. బాగానే ఉంది అత్తా అన్నాను. "మరి పొడులమ్ముకోవడం ఏంటే, నలుగురూ చూస్తారు" అంది. ప్రేమతోనే అంది, నాకు తెలుసు. ఫోన్ పెట్టేశాక స్టేటస్ తీసేద్దామని వేలు దాని మీద పెట్టాను. అప్పుడే వంటింట్లోంచి అత్తయ్య, "మినప్పప్పు మాడుతోంది, రా" అని కేకేసింది. వెళ్లాను. తిరిగి వచ్చేసరికి ఒక తెలియని నంబరు నుంచి మెసేజ్. మా స్కూల్లో చదివిన పిల్లాడి వాళ్లమ్మ. కందిపొడి రెండు, నువ్వులపొడి ఒకటి. డబ్బులు ముందే వేసేసింది, 330. స్టేటస్ అలాగే ఉంచాను.

మొదటి నెల అమ్మకం 61 ప్యాకెట్లు. డబ్బులు వస్తున్నాయి, ఖర్చవుతున్నాయి, చేతిలో ఏమీ లేదు. ఏప్రిల్ 20న పిల్లలు పడుకున్నాక నోటుపుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. 250 గ్రాముల కందిపొడికి పప్పు, పుట్నాలు, ఎండుమిర్చి, వెల్లుల్లి, జీలకర్ర, ఇంగువ కలిపి 38. గ్యాసు, మిక్సీ కరెంటు 4. పౌచ్ 7. స్టిక్కర్ 3. అట్టపెట్టె, టేపు 10. మొత్తం 62. హైదరాబాదుకు మా కొరియర్ ఆఫీసులో అరకిలో దాకా 70. అంటే ఒక్క ప్యాకెట్ పంపితే 132 ఖర్చు, నాకు వచ్చేది 110. అమ్మిన ప్రతిసారీ 22 రూపాయలు నేనే ఎదురిస్తున్నాను. రెండు ప్యాకెట్లు పంపితే లాభం ఉంటుందిలే అనుకుని అది కూడా వేశాను. అది కూడా నష్టమే. ఎందుకో నాకు వెంటనే అంతుపట్టలేదు.

మర్నాడు కాటా మీద పెట్టి చూశాను. పొడి 250, 250. పౌచులు రెండూ కలిపి 16. అట్టపెట్టె, టేపు, లోపల పెట్టిన పాత పేపరు కలిపి 60. కాటా మీద 576 అని పడింది. అరకిలో దాటితే కొరియర్ వాళ్లకు అది కిలో కిందే లెక్క, 110 తీసుకుంటారు. 76 గ్రాముల కోసం ఒక్కో పార్సిల్ మీద 40 ఎక్కువ కడుతూ వచ్చాను, నెల రోజులు. ఆ అంకె చూసి కాటా ముందే కింద కూర్చుండిపోయాను. తర్వాత ఒక్కొక్కటీ తీసి మళ్లీ పెట్టాను. 200 గ్రాముల ప్యాకెట్లు రెండు పెడితే మొత్తం 476. అరకిలో లోపలే. పెట్టె పెద్దదైతే బరువు కాకుండా సైజు లెక్కేస్తారు, పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగించి వచ్చిన కిలోలకు వసూలు చేస్తారు. కాబట్టి పెట్టె కూడా సరిగ్గా సరిపోయేదే తెచ్చుకున్నాను.

ఇదంతా ఒక ఎత్తు, నా పని వేరే ఎత్తు. ఒక బ్యాచ్‌కు ఏరడం, వేయించడం, ఆరబెట్టడం, పట్టడం, తూచడం, సీలు వేయడం, నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలు నేను ఎక్కడా రాయలేదు. అత్తయ్య రోజూ కూర్చుని వెల్లుల్లి ఒలిచే గంట కూడా రాయలేదు. మే 1 నుంచి 200 గ్రాములు 120, కొరియర్ వేరే అని పెట్టాను. స్టిక్కర్లు మళ్లీ కొట్టించాను, 2,400. పాత కొనుగోలుదారులకు ఒక్కొక్కరికీ విడిగా మెసేజ్ పెట్టాను, బరువు తగ్గింది, ధర పెరిగింది అని దాచకుండా. చేతులు వణికాయి. ఇద్దరు ఇక వద్దన్నారు. మిగతావాళ్లు సరే అన్నారు. ఒకావిడ "ఇన్నాళ్లూ ఎలా ఇస్తున్నావా అనుకున్నాను" అని రాసింది.

ప్రకటనల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక ఫొటోకు 1,500 పెట్టి ప్రచారం చేశాను. లైకులు 900 దాకా వచ్చాయి, ఆర్డరు ఒక్కటీ రాలేదు. లైకు కొట్టినవాళ్లలో చాలామంది తెలుగువాళ్లే కారు. నేనే ఊరు, భాష సరిగ్గా ఎంచుకోలేదు.

మే మొదటి వారంలోనే ఒక పెద్ద ఆర్డరు వచ్చింది. హిందీలో మాట్లాడాడు, క్యాంపు కోసం 40 కిలోలు, డబ్బు మొత్తం ముందే వేస్తానన్నాడు. నేను అప్పటికే పప్పుకూ మిర్చికీ మార్కెట్‌కు వెళ్లిపోయాను, 9,000 పెట్టాను. సాయంత్రం క్యూఆర్ పంపి, దీన్ని స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు మీ ఖాతాలో పడుతుంది అన్నాడు. పిన్ దగ్గర మా పెద్దబ్బాయి నా చెయ్యి పట్టుకుని ఆపేశాడు. "అమ్మా, డబ్బు రావడానికి పిన్ ఎందుకు?" అన్నాడు. వాడికి పద్నాలుగేళ్లు. యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు, పిన్ కొట్టామంటే మన ఖాతాలోంచి పోతున్నట్టే. ఖాతా దక్కింది, కానీ తెచ్చిన సరుకు వాడేసరికి జూన్ దాటింది. అంతకుముందు డబ్బు కట్టినట్టు స్క్రీన్‌షాట్ పంపిన ఒకరికి నమ్మి పార్సిల్ వేస్తే 1,480 పోయింది. ఇప్పుడు బ్యాంకు యాప్‌లో చూసుకున్నాకే టేపు వేస్తున్నాను, ఎంత తెలిసినవాళ్లయినా.

అమ్మకం నిజంగా లేచింది మా పిన్ని కూతురి అపార్ట్‌మెంట్ వల్ల. జనవరిలో ఊరికే తిన్నవాళ్లే. మే 11, ఆదివారం, వాళ్ల వాట్సాప్ గ్రూపులో మా చెల్లి ఒక్క మెసేజ్ పెట్టింది. అందరివీ కలిపి ఒకే పెట్టెలో తెప్పిస్తే కొరియర్ మిగులుతుంది, కావాల్సినవాళ్లు పేరు రాయండి అని. సాయంత్రానికి 14 పేర్లు, 39 ప్యాకెట్లు. ఆర్టీసీ కార్గోలో వేశాను. రాత్రి బస్సెక్కింది, పొద్దున్నే హైదరాబాదులో ఉంది. విడివిడిగా కొరియర్ చేస్తే వెయ్యి దాటేది, ఇది అందులో నాలుగో వంతు. ఒకటే చిక్కు, బస్టాండుకు వెళ్లి ఎవరో ఒకరు తెచ్చుకోవాలి. మా మరిది గారు ఆఫీసుకు వెళ్తూ తెచ్చి సెక్యూరిటీ గదిలో పెట్టారు. ఆ రోజు నుంచి నేను వెతికింది కొనేవాళ్ల కోసం కాదు, ప్రతి అపార్ట్‌మెంట్‌లో నలుగురితో మాట్లాడే ఒక అక్క కోసం. ఆమెకు ప్రతి పెట్టెలో రెండు ప్యాకెట్లు ఉచితం. ఇప్పుడు హైదరాబాదులో ఆరుగురు, బెంగళూరులో ఇద్దరు ఉన్నారు. నా మార్కెటింగ్ మొత్తం వీళ్లే.

అయితే ఆ సంతోషం మూడు రోజులే. మావారు పనిచేసే మిల్లు లెక్కలు చూసే ఆడిటర్ గారు మే 14న ఈ మాట విని, "అమ్మా, హైదరాబాదు ఇప్పుడు వేరే రాష్ట్రం" అన్నారు. నాకు మొదట అర్థం కాలేదు. మన రాష్ట్రంలోపల సరుకు అమ్ముకుంటే జీఎస్టీ నమోదుకు ఏడాదికి 40 లక్షల దాకా వెసులుబాటు ఉంది. రాష్ట్రం దాటి పన్ను ఉన్న సరుకు పంపితే మాత్రం మొదటి ప్యాకెట్ నుంచే నమోదు ఉండాలి. తెనాలి నుంచి కూకట్‌పల్లి వెళ్లడం మనకు పక్క ఊరు వెళ్లినట్టే, అక్కడ సగం మంది మనవాళ్లే. కాగితం మీద మాత్రం అది రాష్ట్రం దాటడం. చిన్నవాళ్లు టర్నోవరు మీద కొంత శాతం కట్టేసే కాంపోజిషన్ పద్ధతి కూడా రాష్ట్రం దాటి అమ్మేవాళ్లకు కుదరదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటిదాకా పంపినవన్నీ తప్పే కదా అని. ఆడిటర్ గారు ఉన్నది ఉన్నట్టు రాయించి, ఏం కట్టాలో కట్టించి, ఇక నుంచి సరిగ్గా చేద్దామన్నారు.

మే 19న దరఖాస్తు పెట్టారు. ప్రభుత్వానికి ఫీజేమీ లేదు. మళ్లీ అత్తయ్య సమ్మతి పత్రం, మళ్లీ కరెంటు బిల్లు, వంటగది ఫొటోలు. జూన్ 5న నంబరు వచ్చింది. ఆ పదిహేడు రోజులూ హైదరాబాదుకు ఒక్క ప్యాకెట్ వేయలేదు. వాళ్లందరికీ కారణం ఉన్నదున్నట్టు చెప్పాను, ఒక్కరూ పోలేదు. ఏ పొడికి ఎంత పన్నో ఆడిటర్ గారే చూస్తారు, నెలకు 500 ఇస్తున్నాను. అమ్మకం సున్నా అయినా రిటర్ను వేయాలి, మరిచిపోతే రోజుకు 20 చొప్పున పడుతుంది. ధర 120లోనే పన్ను కలిసి ఉంది కాబట్టి నాకు మిగిలేది కాస్త తగ్గింది. తగ్గినా, గుండె మీద బరువు దిగింది.

జూలై 22. విశాఖపట్నం నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. "అమ్మాయ్, కరివేపాకు కారం బూజు పట్టిందమ్మా. ఏమనుకోకు, చెప్పకపోతే నీకు తెలియదని చేశాను" అన్నారు. ఫొటో పంపారు. ప్యాకెట్ అడుగున తెల్లగా, దూదిలా ఉంది. నాకు కాళ్లలో బలం పోయింది. ఆయన వయసు డెబ్భై దాటింది, తిని ఉంటే? తిన్నారా అని అడగడానికి గొంతు రాలేదు. ముందే చూశామని ఆయనే అన్నారు.

ప్యాకెట్ మీద బ్యాచ్ నంబరు చదవమన్నాను. పుస్తకం తీస్తే, ఆ బ్యాచ్‌లో 18 ప్యాకెట్లు, అమ్మినవి 14, ఎవరెవరికి వెళ్లాయో పేర్లతో సహా ఉన్నాయి. నేను అంత కోపంతో రాయడం మొదలుపెట్టిన అంకె అది. ఆ మధ్యాహ్నమే పద్నాలుగు మందికీ ఫోన్ చేశాను. తినొద్దు, పారేయండి, డబ్బు ఇప్పుడే వేస్తాను అని. ముగ్గురు అప్పటికే తినడం మొదలుపెట్టారు, వాళ్ల ప్యాకెట్లలో ఏమీ లేదు. అయినా అందరికీ వేశాను, 1,680. మిగిలిన నాలుగు ప్యాకెట్లు గోతిలో పోశాను. అప్పుడు ఏడ్చాను.

అత్తయ్య మర్నాడు పొద్దున నన్ను డాబా మీదికి పిలిచింది. మోకాలు నొప్పితోనే మెట్లెక్కింది. నీడలో ఆరిన కరివేపాకు గుప్పెడు తీసి నా చెవి దగ్గర నలిపింది. "విను" అంది. మెత్తగా చప్పుడైంది. "ఇది ఆరలేదు. ఆకు ఆరింది, ఈనె ఆరలేదు. గలగలమనాలి." వానాకాలం గాల్లో ఆకు చేతికి పొడిగానే తగులుతుంది, ఈనెలో తడి ఉండిపోతుంది. ఇప్పుడు ఈనెలు దూసేసి, ఆరబెట్టి, ఇనప బాణలిలో సన్నసెగ మీద వేయించి, పల్చటి బట్ట మీద ఫ్యాను కింద రెండు గంటలు చల్లారాకే పడుతున్నాం. జిప్ కవర్లు మానేసి 1,450 పెట్టి సీలింగ్ మెషిన్ కొన్నాను. వెచ్చటి పొడి సీలు వేస్తే లోపల చెమ్మ పట్టడం కూడా అప్పుడే నేర్చుకున్నాను. వానాకాలంలో కరివేపాకు కారం ఆర్డర్లు సగమే తీసుకుంటున్నాం. ఆ పద్నాలుగు మందిలో తొమ్మిది మంది మళ్లీ కొన్నారు. విశాఖ పెద్దాయన మొదట కొన్నారు.

అమెరికా నుంచి ఆగస్టులో ఆరుగురు అడిగారు. డబ్బు తీసుకునేలోపే ఆ దేశం చిన్న పార్సిళ్ల మీద ఉన్న సుంకం మినహాయింపు ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది, మన తపాలా శాఖ ఆగస్టు 25 నుంచే అక్కడికి పార్సిళ్లు తీసుకోవడం ఆపింది. అక్టోబరు 15న మళ్లీ మొదలుపెట్టారు. నేను మాత్రం దాని జోలికి పోలేదు. తిండి సరుకు అక్కడికి వెళ్లాలంటే ముందుగా సమాచారం ఇవ్వడం లాంటి పద్ధతులు వేరే ఉన్నాయి, అవన్నీ తెలుసుకోకుండా వాళ్ల డబ్బు పట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

దీపావళి అయిన రెండో రోజు నుంచి ఆర్డర్లు ఒక్కసారిగా పడిపోయాయి. ఏం తప్పు చేశానా అని రెండు రోజులు కంగారు పడ్డాను. మూడో రోజు ఒకావిడ వాయిస్ మెసేజ్ పెట్టింది, "కార్తీకం కదండీ, వెల్లుల్లి లేకుండా ఏమన్నా ఉన్నాయా?" అని. మా ఇంట్లో మేము మానేస్తాం, అమ్మేటప్పుడు మాత్రం ఆ ఊహే రాలేదు. ఆ సాయంత్రమే వెల్లుల్లి లేని కందిపొడి ఇంగువ పెంచి చేశాం, స్టిక్కరు మీద పదార్థాల వరస మార్చి విడిగా కొట్టించాను. నవంబరు 20న కార్తీకం అయిపోయేసరికి అది 118 ప్యాకెట్లు వెళ్లింది. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు డిసెంబరంతా అడుగుతూనే ఉన్నారు.

డిసెంబరు లెక్క నిన్న రాత్రి ముగించాను. 340 ప్యాకెట్లు, 40,800. సరుకు, గ్యాసు, ప్యాకింగ్ 18,360. పన్ను, ఆడిటర్ గారికి కలిపి 2,440. వెల్లుల్లి ఒలవడానికి వచ్చే ఆవిడకు 2,000. ఉచితంగా ఇచ్చినవి, పాడైనవి 1,100. అత్తయ్యకు 3,000. చేతిలో మిగిలింది 13,900. మొదట్లో పెట్టినవి, కోర్సు, స్టిక్కర్లు, కాటా, మెషిన్, కాలిపోయిన మిక్సీ బదులు కొన్న 6,800 మిక్సీతో సహా, 26,000 దాకా అయ్యాయి. అవి అక్టోబరుకు తీరాయి. అత్తయ్యకు జీతం ఇస్తానంటే మొదట కసిరింది. "నా ఇంట్లో నాకు జీతమేంటే?" అంది. ఇప్పుడు ఒకటో తారీఖున తనే పోస్టాఫీసు పుస్తకం తీసి బల్ల మీద పెడుతుంది.

మొన్న శుక్రవారం గుంటూరు మేనత్త ఫోన్ చేసింది. వాళ్ల అమ్మాయి హైదరాబాదు నుంచి సంక్రాంతికి రావట్లేదట, కందిపొడి నాలుగు, కరివేపాకు కారం రెండు దానికి పంపాలి, ఎంతవుతుంది అని అడిగింది. ఒక్క క్షణం నోటిదాకా వచ్చింది, "నీ దగ్గర తీసుకుంటానా అత్తా" అని. అత్తయ్య పక్కనే కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది, తల ఎత్తలేదు గానీ చేతులు ఆగాయి.

"720 అత్తా, కొరియర్ వేరే. క్యూఆర్ పంపిస్తున్నాను" అన్నాను.

"పంపు పంపు. కరివేపాకుది బాగా ఆరిందేగా?" అంది మేనత్త.

గలగలమంటోంది అత్తా అన్నాను. అయిదు నిమిషాలకు డబ్బు పడింది. బ్యాంకు యాప్‌లో చూసుకుని టేపు వేశాను.